అక్షరము ఎక్కడ నున్నది?



బ్యాంకు కిటికీ ముందో, రిజిస్ట్రారు కార్యాలయపు వసారాలోనో, మీసేవ కేంద్రమునందో ఒక పూట గడిపిన వారెవ్వరికిని "సర్వరు డౌనయిందండీ, మధ్యాహ్నం రండి" అను వాక్యము క్రొత్త కాదు. ఆ వాక్యము చెవిని పడినంతనే వృద్ధులు నిట్టూర్చి బల్లపై కూలబడుదురు, తొందర గలవారు గుమాస్తాను నిందింతురు, గుమాస్తా కంప్యూటరును నిందించును. నిందకు గురియైన ఆ కంప్యూటరు మాత్రము తెర వెలుగుచు, బాణపు గుర్తు కదలుచు, ఏ రుగ్మతయు లేక అక్కడనే యుండును. మన పొదుపు ఖాతా లెక్క ఆ బల్లమీది పెట్టెలో ఎన్నడును లేదు. అది ఎంతో దూరమున వేరొక యంత్రమునందున్నది. ఆ యంత్రము పలుకకపోయి యుండవచ్చును. లేక అది నిక్షేపముగా పనిచేయుచుండగనే దానికిని ఈ కిటికీకిని నడుమ నున్న తీగ ఎక్కడనో తెగియుండవచ్చును. ఈ రెండింటికిని మనవారు ఒక్కటే పేరు పెట్టినారు.

హైదరాబాదునందలి ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969వ సంవత్సరమున టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించిన కాలమున, కంప్యూటరునకును సామాన్యునకును నడుమ నిపుణుల శ్రేణి యొకటి ఉండెడిది. లోపల జరుగునదేమో తెలిసికొనవలసిన అగత్యము సామాన్యునకు లేకుండెను. నేడా శ్రేణి తొలగిపోయినది. పింఛను పుచ్చుకొను ఉపాధ్యాయుడును, కిరాణా కొట్టు యజమానియు, అమెరికాలోని మనుమరాలి ముఖమును తెరపై చూడగోరు అమ్మమ్మయు ఆ యంత్రముతో ముఖాముఖిగా నిలిచియున్నారు. వీరందరును ప్రోగ్రాములు వ్రాయ నేర్వవలెనని ఘోషించువారు కలరు. నేనా పక్షము వాడను కాను. ఏ మీట నొక్కిన ఏమి జరుగునో ఒక పట్టికగా కంఠస్థము చేసిన చాలుననువారును కలరు. సాఫ్టువేరు మారిన మరునాడే ఆ పట్టిక వ్యర్థమగుచున్నది గనుక ఆ పక్షమును నాకు రుచింపదు. నిత్యము కంప్యూటరు వాడువానికి కావలసినవి రెండు ప్రశ్నలని నా అభిప్రాయము. నేను వ్రాసినది, తీసినది, దాచినది ఇప్పుడెక్కడ నున్నది? దానిని ఏ ఒడంబడిక ననుసరించి చదువుచున్నారు? ఈ ప్రశ్నలు ఎంత దూరము తీసికొనిపోగలవో చూచుటకై మన తెలుగు అక్షరమునే ఒకదానిని, 'క్ష' అను దానిని, వెంబడించి పోవుదము.

మీ ఎదుట నున్న కీబోర్డుపై ఇంగ్లీషు 'కె' ముద్రించిన మీటను నొక్కినారనుకొనుడు. యు.ఎస్.బి. కీబోర్డు లోపలికి పంపునది 'కె' యును కాదు, 'క' యును కాదు; 14 అను సంఖ్య. అది ఆ మీటయొక్క స్థానమునకు ఏర్పరచిన సంఖ్య. మీటపై ఏ అక్షరము ముద్రితమైనదో కీబోర్డు ఎరుగదు. ఆ సంఖ్యను అందుకొన్న ఆపరేటింగ్ సిస్టము, అప్పటికి మీరు ఎన్నుకొనియున్న భాష ఏదో చూచి, అది ఇంగ్లీషయినచో 'కె' అనియు, తెలుగు ఇన్‌స్క్రిప్టు అయినచో 'క' అనియు నిర్ణయించును. స్వరములను ఎడమచేతికిని, హల్లులను మిక్కిలిగా కుడిచేతికిని పంచిన ఈ ఇన్‌స్క్రిప్టు పద్ధతి భారతీయ లిపులలో పెక్కింటికి ఒక్కటే. తెలుగున 'క' ఎక్కడనో హిందీలోను అక్కడనే. ఈ పద్ధతిలో 'కె' మీట నొక్కి, 'డి' మీటతో పొల్లును చేర్చి, షిఫ్టు పట్టి కామా మీటను నొక్కినచో 'క్ష' సిద్ధించును. నిన్నటివరకు సక్రమముగా పలికిన మీటలన్నియు నేడు ఒక్కసారిగా వేరక్షరములు పలుకుచున్నవని కీబోర్డును చంకన పెట్టుకొని మరమ్మతు దుకాణమునకు పోవువారిలో పెక్కుమందికి జరిగినది, తెలియక నొక్కిన రెండు మీటల వలన భాష మారుటయే. చెడుగు కీబోర్డునందు లేదు, దాని తరువాతి మెట్టునందున్నది.

ఇప్పుడు 'క' లోపల ఏ రూపమున నున్నది? అక్కడను అది సంఖ్యయే, అయితే 14 కాదు, 3093. ప్రపంచములోని లిపులన్నింటికిని సంఖ్యల నొసగిన యూనికోడు అను ఒడంబడిక 1991లో వెలువడినపుడే అందు తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. వానిలో 'క' 3093, 'ష' 3127, పొల్లు 3149. అదే 1991లో మన దేశపు ప్రమాణముగా వెలువడిన ఇస్కీ పద్ధతియొక్క అమరికను, దాని పూర్వరూపమునుండి, యూనికోడువారు గ్రహించిరి. అందుచేత భారతీయ లిపులు సమాంతరముగా వరుసదీరి యున్నవి. 'క' సంఖ్యకు 128 కలిపినచో కన్నడ కకారము లభించును. ఒక తెలుగు పుటలోని ప్రతి సంఖ్యకును 128 కలుపుచు పోయినచో ఆ పుట యించుమించుగా కన్నడలిపిలో ప్రత్యక్షమగును. లిపిశాస్త్రజ్ఞులు శాసనములు పరిశీలించి స్థాపించిన తెలుగు కన్నడ లిపుల సోదరబంధము ఇచ్చట ఒక కూడికగా నిలిచియుండుట నాకు ముచ్చట గొలుపును.

'క్ష' అనునది చూచుటకు ఒక్క అక్షరమే గాని లోపల మూడు సంఖ్యలు. వానిని ఒక్క రూపముగా తీర్చి తెరపై చిత్రించు పని వేరొక విభాగమునకు చెందినది. అచ్చుకూటములో కంపోజిటరు చేతివ్రాత ప్రతిని ముందిడుకొని, గడులలోనుండి సీసపు అచ్చులను ఏరి, ఏ హల్లునకు ఏ వత్తు ఏ చోట అతుకవలెనో కన్ను మూసికొని చేయగలిగినట్లు, ఈ విభాగము ఫాంటునందలి రూపములనుండి తగినదానిని ఏరి తెచ్చి కూర్చును. రచయిత ప్రతి వేరు, అచ్చు వేరు. మీరు 'క్ష' వ్రాసి వెనుకకు తుడుచు మీటను ఒకమారు నొక్కి చూడుడు. అక్షరమంతయు పోదు, షకారము మాత్రమే పోయి 'క్' అను పొల్లు మిగులును. ఇది యంత్రదోషమని విసుగుకొనువారిని చూచితిని. తుడుపు మీట కూర్పును విప్పుట లేదు, చివరి సంఖ్యను తీసివేయుచున్నది.

ఈ లెక్క చేతి సొమ్మును తాకునట్టి చోటొకటి కలదు. 'విశ్వవిద్యాలయము' అను పదము మన గుణింతపు లెక్కకు ఏడక్షరములు. గుడులు, కొమ్ములు, పొల్లులు వేరువేరు సంఖ్యలగుటచే యంత్రమునకు పదునైదు. ఫోనులో పంపు ఎస్.ఎం.ఎస్. ఒక్కొక్కటి 140 బైట్లకు పరిమితము. ఇంగ్లీషు అక్షరములను సంకుచితముగా సర్ది అందులో 160 ఇమిడింతురు. తెలుగు సంఖ్యకు ఒక్కొక్కదానికి రెండు బైట్లు కావలసి వచ్చుటచే 70 మాత్రమే పట్టును. అనగా 'విశ్వవిద్యాలయము' వంటి పదములు నాలుగు వ్రాసి అయిదవదాని కుపక్రమించునంతలోనే సందేశము రెండుగా చీలి రెండింటి రుసుమునకు పాత్రమగును. ఇంగ్లీషు వాక్యముల మధ్య ఒక్క తెలుగక్షరము దొర్లినను సందేశమంతటికిని ఈ రెండవ కొలతయే వర్తించును. వాట్సాపు వంటివానిలో ఈ నిర్బంధము లేదు.

సరి, అక్షరము తెరపై నిలిచినది. అది ఇప్పుడెక్కడ నున్నది? పెక్కుమంది తెరను చూపుదురు. తెర కేవలము చిత్రము. దానిని ఆర్పినను అక్షరమునకు హాని లేదు. అక్షరమున్నది ర్యామ్ అనబడు మెమరీలో. ఆ మెమరీలోని ప్రతి చిన్న గడియందును అత్యల్పమైన విద్యుదావేశము ఉండుటయో లేకుండుటయో ఒకటిగాను, సున్నగాను గణింపబడును. రాబర్ట్ డెన్నార్డు అను ఇంజనీరు 1960ల చివర రూపొందించిన ఈ గడిలో ఆవేశము తనంతట తాను కారిపోవుచునే యుండును గనుక, సామాన్యముగా 64 మిల్లీసెకన్ల కొకమారు, అనగా సెకనునకు పదునైదు పర్యాయములకు పైగా, ప్రతి గడిని చదివి మరల నింపవలసియున్నది. మీరు తాపీగా కాఫీ త్రాగుచు తరువాతి వాక్యమును గూర్చి ఆలోచించుచున్నపుడు గూడ లోపల మీ పూర్వవాక్యము ఎడతెగక ఇట్లు తిరిగి లిఖింపబడుచునే యున్నది. కరెంటు పోయినది, తిరిగి వ్రాయువాడు లేడు, వాక్యమును లేదు. వేసవిలో మన పల్లెలలో డెస్కుటాపుపై పని చేసినవారికి దీని దుఃఖము నేను వర్ణింపనక్కర లేదు.

'సేవ్' అను ఆజ్ఞ ఈ మెమరీనుండి ఒక ప్రతిని డిస్కునకు దింపును. డిస్కునందు వ్రాతకు విద్యుత్తు అండ అక్కరలేదు. ప్రాత హార్డుడిస్కులో అది అయస్కాంతముద్రగాను, నేటి ఎస్.ఎస్.డి.లో బంధింపబడిన ఆవేశముగాను, యంత్రమును ఆర్పిన పిమ్మటను నిలుచును. అట్లయిన సమస్తమును డిస్కునందే చేయరాదా అని యడుగవచ్చును. అడ్డు వచ్చునది వేగము. మెమరీలోని ఒక మాటను ప్రాసెసరు సెకనులో కోటియవ వంతు కాలమున తెచ్చుకొనగలదు, తిరుగుచుండెడి హార్డుడిస్కుపై సూది తగిన చోటికి పోయి చదువుటకు సెకనులో నూరవ వంతు పట్టును, వ్యత్యాసము లక్షరెట్లు. ఎస్.ఎస్.డి. ఈ అంతరమును మిక్కిలి తగ్గించినది గాని మాన్పలేదు. ఒకేసారి పెక్కు కిటికీలు తెరిచి మెమరీ నిండినపుడు, ఆపరేటింగ్ సిస్టము అందలి కొన్ని భాగములను డిస్కునకు తరలించి, కావలసినపుడు మరల రప్పించుచు, అటునిటు తిప్పుచుండును. "సిస్టం హ్యాంగయింది" అని మనము విసుగుకొను సందర్భములలో కొన్నింట యంత్రము నిలిచిపోలేదు, ఆ లక్షరెట్ల దూరమును మోయుచున్నది. ఆ సమయమున మీటలను టకటక కొట్టుటవలన ఆ మోతబరువు పెరుగుటయే గాని తగ్గుట లేదు.

ఇక "ఒకసారి ఆపి పెట్టండి" అను సర్వరోగనివారిణిని గూర్చి. దీనిని చూచి నవ్వువారు కలరు, నవ్వదగినది కాదు. ఏదో ప్రోగ్రాము తాను తీసికొన్న మెమరీని తిరిగి యీయక పోగుచేసికొనుచుండును, మరియొకటి రాని జవాబుకై ఎదురుచూచుచుండును. యంత్రమును మరల ప్రారంభించినపుడు ఈ చిక్కుముడులన్నియు ఆవేశముతోపాటు కారిపోయి, ప్రతి ప్రోగ్రామును డిస్కుపైనున్న నిర్మలమైన ప్రతినుండి క్రొత్తగా మొదలగును. ఇందొక సూక్ష్మము మాత్రము వాడుకరులకు సామాన్యముగా తెలియదు. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలుకొని, త్వరగా మేల్కొనవలెనన్న కోరికచే, పెక్కు యంత్రములలో 'షట్ డౌన్' అన్నపుడు ఆపరేటింగ్ సిస్టముయొక్క మూలభాగపు స్థితి డిస్కుపై దాచబడి, మరల వెలిగించినపుడు ఆ దాచిన స్థితియే తిరిగి ఎక్కింపబడును. కనుక రాత్రి ఆర్పి ఉదయము వెలిగించినను నిన్నటి చిక్కు నేడును ప్రత్యక్షము కావచ్చును. నిజముగా అంతయు క్రొత్తగా మొదలు కావలెనన్నచో ఎన్నుకొనవలసినది 'రీస్టార్ట్'. పేర్లనుబట్టి చూచినచో ఎక్కువ సంపూర్ణముగా తోచునది తక్కువ సంపూర్ణమగుట విచిత్రమే. ఈ ఏర్పాటు చేసినవారు వాడుకరికి మరికొంత స్పష్టముగా చెప్పియుండవలసినది.

డిస్కుపైకి చేరిన అక్షరమును చెరపుట అంత సులభము కాదు. పెన్‌డ్రైవులలోను కెమెరా కార్డులలోను చిరకాలముగా వాడుకలోనున్న ఫ్యాట్ అను పద్ధతినే చూడుడు. అందు ఫైలు పేరును, అది ఎక్కడ మొదలగునో ఆ స్థానమును ఒక పట్టికలో నుండును. అసలు విషయము వేరొక చోట నుండును. మీరు డిలీట్ అన్నపుడు పట్టికలో ఆ పేరుయొక్క మొదటి అక్షరమునకు బదులు 229 అను సంఖ్య వ్రాసి, అది ఆక్రమించిన స్థలము ఖాళీయని గుర్తింతురు. విషయము చెక్కుచెదరక అక్కడనే యుండును, మరియొకటి దానిపై వ్రాయబడువరకు. పెండ్లి ఫోటోలు పొరపాటున పోయినపుడు ఆ కార్డుతో మరియొక్క ఫోటోయైనను తీయక తెలిసినవారి యొద్దకు తీసికొనిపొమ్మని చెప్పుటకు కారణమిది. ఆ న్యాయముననే, పాత కంప్యూటరును అమ్ముచు, ఫైలులు డిలీట్ చేసితిని గదా యని నిశ్చింతగా నుండుటయు తగదు. ఎస్.ఎస్.డి.ల సంగతి వేరు. చెరపిన స్థలము ఏదో ఆపరేటింగ్ సిస్టము వానికి తెలుపగా అవి తీరికవేళ దానిని నిజముగనే తుడిచివేయును గనుక, అచ్చట పోగొట్టుకొన్నది దొరకుట దుర్లభము.

డిస్కు మాట వచ్చినది గనుక, ఒక టెరాబైటు డిస్కు కొని తెచ్చి అమర్చినంతనే విండోస్ 931 గీగాబైట్లే చూపుచున్నదని దుకాణదారునితో కలహించువారికి ఒక మాట. అతడు తూకములో మోసగింపలేదు. డిస్కు తయారుచేయువారు గీగాబైటునకు నూరు కోట్ల బైట్లనియు, విండోస్ 1,07,37,41,824 బైట్లనియు గణించుచున్నారు. లక్ష కోట్ల బైట్లను ఈ రెండవ కొలతతో భాగించినచో వచ్చునది 931యే.

రెండవ ప్రశ్నకు, ఒడంబడిక ప్రశ్నకు, తెలుగువారికి అనుభవము కావలసినంత కలదు. యూనికోడు మన యంత్రములలో వ్యాపించుటకు పూర్వము డి.టి.పి. కేంద్రములలో తెలుగు వేరొక ఉపాయముచే నడచినది: ఇంగ్లీషు అక్షరములకును చిహ్నములకును నియతమైన సంఖ్యల స్థానములలోనే తలకట్టును, కొమ్మును, వత్తులను, అక్షరఖండములను చిత్రించి ఫాంటుగా తయారుచేసిరి. యంత్రము తాను ఇంగ్లీషునే వ్రాయుచున్నానని తలచుచుండగా తెరపై తెలుగు కనిపించెడిది. పత్రికలును, ప్రచురణసంస్థలును తమకు తోచిన ఫాంటును తాము అనుసరించుటచే, ఒకచోట 'క' యైన సంఖ్య వేరొకచోట మరియొక ఖండమయ్యెను. ఆనాటి ఫైలును నేడు ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినవారికి ప్రశ్నార్థకములు, పైన చుక్కలు గల ఐరోపా అక్షరములు, కుండలీకరణములు కలగలిసిన ప్రలాపము కనిపించును. ఫైలునకు వైరస్ సోకినదని భయపడి దానిని చెరపివేసిన రచయితలు కలరని విన్నప్పుడు మనస్సు చివుక్కుమనును. అందలి సంఖ్య యొక్కటైనను తప్పిపోలేదు. చదువు ఒడంబడిక తప్పినది. ఏ ఫాంటున కూర్చిరో తెలిసినచో, ఆ సంఖ్యలను యూనికోడు సంఖ్యలుగా మార్చు సాధనములు నేడు పెక్కులున్నవి. పాత వ్రాతప్రతులను దాచుకొన్నవారు ఫైలుతోపాటు ఫాంటు పేరునుగూడ వ్రాసి యుంచవలెను. ఇంతకన్న చవుకైన జాగ్రత్త లేదు.

తెలుగక్షర మొకటి ప్రపంచవార్తయైన సందర్భము 2018 ఫిబ్రవరిలో వచ్చినది. ఆపిల్ సంస్థవారి ఐఫోనులలో ఐ.ఓ.ఎస్. 11 నడచుచున్నవానికి ఒక తెలుగక్షరము సందేశముగా వచ్చినంతనే ఆ సందేశములను చూపు ప్రోగ్రాము కూలిపోవుచుండెను. నోటిఫికేషనులో అది కనిపించినచో ఫోనే తలక్రిందులగుచుండెను. విదేశపత్రికలు దానిని తెలుగు అక్షరపు బాంబు అన్నంత పని చేసినవి. మనవారిలో కొందరు నొచ్చుకొనిరి, కొందరు, అందు నేనును ఒకడను, లోలోన కొంచెము గర్వించితిమి. ఆ అక్షరము 'జ్ఞా'. నిత్యము మనము వ్రాయు 'జ్ఞా'లో నాలుగు సంఖ్యలు: జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము. అది నిరపాయముగనే యుండెను. చిక్కు తెచ్చిన రూపములో ఞకారమునకును దీర్ఘమునకును నడుమ 8204 అను అయిదవ సంఖ్య దాగియుండెను. కంటికి కనిపించని ఈ గుర్తు, ప్రక్క ప్రక్క నున్న అక్షరములు కలిసిపోకుండ నిలువరించుటకై ఉద్దేశింపబడినది. 'వెబ్‌సైటు' అని పొల్లు విడిగా కనబడునట్లు వ్రాసినపుడు మనము వాడునది అదియే.

అపుడు మన రెండు ప్రశ్నలు వేసికొన్నవాడు భయపడవలసిన పని లేకుండెను. సందేశము మెమరీలోనికి భద్రముగా చేరినది. యూనికోడు ఒడంబడికకు అందు భంగము లేదు. వేరు ఫోనులలో అదే సందేశము సుఖముగా తెరచుకొనుచుండెను. కూలినది కూర్పు విభాగము. ఆ అయిదు సంఖ్యల వరుసను ఏ రూపముగా తీర్చవలెనో తెలియక తడబడినది. అందుచేతనే, మిత్రుని చేత మరియొక మామూలు సందేశము పంపించుకొని, జాబితాలో పైకి కనిపించు పంక్తి అదియగునట్లు చేసికొన్నవారు కొందరు ఆ ఆపదనుండి బయటపడగలిగిరి. ఆ అక్షరమును చిత్రింపవలసిన అవసరమే తప్పినపుడు కూలవలసిన అవసరమును తప్పినది. ఫిబ్రవరి 19వ తేదీన 11.2.6 అను సవరణ వెలువడినది. ఈ చిక్కు విషయమున సవరించినది ఆ కూర్పు విభాగమును మాత్రమే; అప్పటికే ఫోనులకు చేరియున్న సందేశములలోని సంఖ్యలను ఎవ్వరును ముట్టుకొనలేదు, ముట్టుకొనవలసిన పనియు రాలేదు.